ఎర్రకణం నడుమ గుంట

ఒకప్పుడు మన ఒంట్లో ఎర్రకణాలకు కూడా నడిమధ్య ఒక గింజ ఉండేది. చదువుకున్నవాళ్లు దాన్ని కేంద్రకం అంటారు. ఆ గింజ ఉంటేనే కణం రెండుగా చీలి పిల్లల్ని కంటుంది. నమ్మరు కదూ? వినండి మరి.

పైడి అనే పిల్ల ఒంట్లో, ఎముక లోపలి మూలుగలో పుట్టిన ఎర్రకణం కెంపి. ఊపిరితిత్తుల దగ్గర గాలి ఎత్తుకుని ఒళ్లంతా పంచడం దాని పని. మనసు మాత్రం ఎప్పుడూ పుట్టబోయే కూతుళ్ల మీదే. ఒకదానికి పగడం, ఇంకోదానికి మందారం అని పేర్లు కూడా పెట్టేసుకుంది.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!" అని తల్లి మూలుగమ్మ నవ్వేది.

మూలుగ వాకిలి ఊడ్చేది చీపురు తాత. ఆయన తెల్లకణం. చెత్త పేరుకుంటే పిల్లకు రోగం వస్తుందని ఆయనకు మహా భయం. అందుకని వాకిట్లో ఏది పడి ఉన్నా గుటుక్కున మింగేసేవాడు.

ఒకరోజు పైడి తప్పిపోయిన మేకపిల్ల కోసం పెద్ద కొండెక్కింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడింది. గుండె దడదడలాడింది. "గాలేదే కెంపీ, గాలి!" అని కాళ్లు కేకలు పెట్టాయి. కళ్లు బైర్లు కమ్మి పైడి పడిపోయింది.

కెంపి పడుతూ లేస్తూ గాలి మోసింది. ఏం లాభం? కడుపులో సగం చోటు గింజదే. మిగిలిన సగంలో గాలి ఏపాటి పడుతుంది?

"అక్కా, పిల్ల దక్కేట్టు లేదే!" అని తోటి ఎర్రకణాలు, కెంపి చెల్లెళ్లు, ఏడ్చారు.

"గింజలు తీసి మన వాకిట్లో పెట్టేద్దాం. పిల్ల గట్టెక్కాక తెచ్చుకుందాం," అంది కెంపి. ముందు తన గింజే తీసి పెట్టింది. దాన్ని చూసి చెల్లెళ్లంతా పెట్టేశారు.

"తాతతో ఒక్క మాట చెప్పి పోవే!" అని మూలుగమ్మ అరిచింది.

"వచ్చాక చెబుతాలే అమ్మా!"

ఖాళీ కడుపుల నిండా గాలి నింపుకుని ఎర్రకణాలు పరుగులు తీశాయి. పైడి లేచి నిలబడింది. మేకపిల్లను వెతికి పట్టుకుని, చంకనేసుకుని కొండ దిగింది.

కెంపి సంబరంగా ఇంటికొచ్చింది. వాకిలి అద్దంలా ఉంది. ఒక్క గింజ కూడా లేదు.

"అబ్బ, ఇవాళ ఎంత చెత్తో! నడుం పడిపోయిందనుకో," అన్నాడు తాత మూతి తుడుచుకుంటూ.

"తాతా, అవి చెత్త కాదు. మా గింజలు."

ముసలాయన కూలబడిపోయాడు. "ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ!" అని వలవలా ఏడ్చాడు.

కెంపి తన నడుము తడుముకుంది. గింజ ఉన్నచోట గుంట పడింది. పగడం లేదు, మందారం లేదు. తన గింజ పోతే పోయింది, తనను నమ్మిన చెల్లెళ్లందరి కడుపూ కొట్టింది. ఒక్క మాటకు ఎంతసేపు పట్టేది? ఆ బాధ దానికి ఏనాడూ తీరలేదు.

అయినా ఏడుస్తూ కూర్చుంటే పైడికి ఊపిరి ఎవరిస్తారు? కెంపి లేచింది.

తాత దాని చెయ్యి పట్టుకున్నాడు. "నీకు ఓపిక అయిపోయిన రోజున నా దగ్గరికే రా తల్లీ. నీలో ఉన్న ఇనుము రవ్వంత కూడా పారెయ్యను. మీ అమ్మకే ఇస్తాను. దాంతో ఇంకో ఎర్రపిల్లను చేస్తుంది."

"దానికి పగడం అని పేరు పెట్టమను తాతా," అంది కెంపి.

అప్పటినుంచే ఎర్రకణానికి నడుమ గుంట ఉంటుంది, దానికి పిల్లలు పుట్టరు. నాలుగు నెలలు గాలి మోసి మోసి అలిసిపోయి తాత ఒళ్లో వాలిపోతుంది. దాని ఇనుముతో మూలుగమ్మ కొత్త ఎర్రపిల్లలను చేస్తుంది. మనకు ఊపిరి చాలాలని, ఆ పిల్లలు కూడా గడప దాటేముందు గింజను తీసి పెట్టేస్తారు. కాకపోతే ఇప్పుడు తాతతో చెప్పి మరీ పెడతారు.