చెప్పులు విడిచే ఇల్లు

ఓబుళమ్మ ఎందుకు రానంటోందో మదార్‌కి బోధపడలేదు.

పెన్న ఒడ్డున, హుస్సేన్ పీరా గారి మకాం పక్కనే ఒక పొడవాటి ఇల్లు ఉండేది. హకీములు చేతులెత్తేసిన మనుషులు నొప్పి లేకుండా చివరి రోజులు గడపాలని పీరా గారే దాన్ని కట్టించారు. నడిపే పని శిష్యుడు మదార్‌కి అప్పగించారు. మదార్ ప్రాణం పెట్టి నడిపాడు. ఉతికిన దుప్పట్లు, వేళకి గంజి, నొప్పి మరీ ఎక్కువైతే నల్లమందు కలిపిన పాలు. పుండ్లు తన చేత్తో కడిగేవాడు, ముక్కుకి గుడ్డ కూడా అడ్డం పెట్టుకునేవాడు కాదు. ఇంత చేసినా, రమ్మంటే జనం దయ్యాన్ని చూసినట్టు చూసేవాళ్లు. దానికి చెప్పులు విడిచే ఇల్లు అని పేరు కూడా పెట్టారు.

ఓబుళమ్మది పూటలో బండి వెళ్లగలిగే ఊరు. ఊళ్లు తిరిగి తమలపాకులు అమ్మి బతికిన మనిషి. ఆమెకి రొమ్ములో పుండు లేచింది. అన్న ఇంటి వసారాలో నులకమంచం మీద పడి ఉంది. ఆమె మూలుగులు వీధి చివరికి వినబడుతున్నాయని ఎవరో చెబితే మదార్ బండి కట్టుకుని వెళ్లాడు. ఆమె రానంది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ రానంది. మూడోసారి మంచం పక్కన కూర్చుని బతిమాలాడు.

"అమ్మా, అక్కడ నీకు నొప్పి ఉండదు. పాలు తాగి హాయిగా నిద్రపోతావు. ఎందుకమ్మా ఇక్కడ ఈ నరకం?"

ఓబుళమ్మ పళ్లు బిగబట్టి మోచేతి మీద లేచింది.

"మీ ఇంట్లోకి పోతానే చెప్పులు తీసుకుంటారంట గదా నాయనా?"

"అవునమ్మా. నీ పేరు మీదే లేనివాళ్లకి దానం చేస్తాం. పుణ్యం నీకే."

"మా పక్కింటి చెన్నప్ప మీ కాడ ఇంగా బతికుండంగానే, ఆయప్ప కిర్రు చెప్పులు ఎవడో ఏసుకోని సంతలో తిరుగుతాన్నాడు. నా కండ్లతో సూసినా."

గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతున్న వదిన వైపు చెయ్యి చూపించింది.

"మా వదినను జూడు. నా కోకల మీద కన్నేసింది. అయినా నేను పోయిందాంక ఆగుతాది. మీరు అంతదాంక గూడా ఆగరే!"

వదిన తల ఎత్తలేదు. మదార్ ముఖం మాడిపోయింది.

చెప్పులు పంచే ఏర్పాటు మదార్‌దే. లోపలికి వచ్చినవాళ్లు ఎలాగూ తిరిగి నడవరు, మూల పడి ఎండిపోయే చెప్పులు ఎవరి కాళ్లకైనా ఆసరా అవుతాయి కదా అనుకున్నాడు. మంచి మనసుతోనే అనుకున్నాడు. మంచి మనసున్న వాళ్లతో వచ్చే చిక్కే ఇది. వాళ్లని తిట్టడానికి నోరు రాదు, పడేవాళ్లు పడుతూనే ఉంటారు.

ఖాళీ బండితో తిరిగొచ్చి గురువు ముందు కూలబడ్డాడు.

"నావల్ల కాదు హజ్రత్. చావు తలాపున కూర్చుని ఉంటే ఆమెకి చెప్పుల మీద యావ! వీళ్లకి ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఈ మోహం వదిలేలా మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి."

పీరా గారు ఆ నాలుగు మాటలూ చెప్పలేదు. ఆయనకి ఏడాదిగా దగ్గు. ఈమధ్య గుడ్డలో నెత్తురు కూడా పడుతోంది. కర్ర ఆనించుకుని మెల్లగా లేచారు. ఆ పొడవాటి ఇంటి దాకా నడిచి, గడప బయట చెప్పులు విడిచి, లోపల ఖాళీగా ఉన్న చాప మీద పడుకున్నారు.

"దుప్పటి కప్పు" అన్నారు.

మదార్ పరుగున దగ్గరికొచ్చాడు.

"ఇదేంటి హజ్రత్! మీకేం కాదు. నాలుగు రోజులు మందు పడితే లేచి తిరుగుతారు."

దుప్పటి కప్పాడు. పాదాలు ఒత్తాడు. బయటికి వెళ్లి గురువు చెప్పులు తీసుకొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, ఆయన చేతికి అందేలా చాప పక్కన పెట్టాడు.

పీరా గారు అతని చేతుల్నే చూస్తున్నారు.

"వీటిని దానం చెయ్యవా, మదార్?"

మదార్ తల ఎత్తాడు. వరసగా పడుకున్న రోగులంతా తలలు తిప్పి అతన్నే చూస్తున్నారు. ఒక్కరి చాప పక్కనా చెప్పులు లేవు.

అతను అక్కడ ఇంక నిలబడలేకపోయాడు. ఆవురావురుమంటున్న ఎద్దులకి గడ్డి కూడా వెయ్యకుండా రాత్రికి రాత్రే మళ్లీ బండి కట్టాడు. ఓబుళమ్మకి చెప్పాల్సిన మాట దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వెళ్లాడు. ఈసారి ఆమె తప్పకుండా వస్తుందని అతని నమ్మకం.

"అమ్మా, తప్పు నాది. నీ చెప్పులు నీ దగ్గరే ఉంటాయి. ఎవరూ ముట్టుకోరు. వస్తావా?"

ఓబుళమ్మకి మాట్లాడే ఓపిక పోయింది. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత సరేనని తల ఊపింది.

మదార్, ఆమె అన్న కలిసి మంచాన్ని ఎత్తబోయారు. ఆమె పెట్టిన కేకకి అన్న చేతులు పట్టు వదిలేశాయి. మళ్లీ ఎత్తారు. మళ్లీ అదే కేక. బండి వాకిట్లోనే ఉంది. అక్కడిదాకా కూడా ఆమెని చేర్చలేకపోయారు. ఆమె చెయ్యి పట్టుకుని మదార్ దేవుణ్ణి వేడుకున్నాడు. వేడుకోవడం తప్ప అతనికి ఇంకేమీ తోచలేదు. ప్రాణం తేలిగ్గా పోలేదు. పొద్దు వాలేదాకా ఆమె అరుస్తూనే ఉంది, చివరికి అరవడానికి గొంతు కూడా లేకపోయింది.

మదార్ తిరిగి వచ్చేసరికి పీరా గారు అదే చాప మీద ఉన్నారు. అతని వాలకం చూసే సంగతి గ్రహించారు.

"నరకం పడి పోయింది హజ్రత్" అన్నాడు మదార్ ఏడుస్తూ. "వస్తానని ఒప్పుకుంది కూడా. కానీ కదల్చలేకపోయాం. మొదట్లోనే మన ఇంటికి వచ్చి ఉంటే, ఈ నల్లమందు పాలు తాగి నిద్రలో పోయేది."

పీరా గారు కాసేపు దగ్గారు. దగ్గు ఆగాక అడిగారు.

"ఆమె మన ఇంటికి రానంది. పాలు వద్దందా?"