బల్లి పలికిన బంతాట

ఏటికి ఈవల గుగ్గిలాల అడవి. అందులో దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు ఉండేవి. ఏటికి ఆవల కరక్కాయల అడవి. అది వేరే రాజ్యం. అక్కడ ఎలుగుబంట్లు, కణుజులు, కోతులు ఉండేవి.

ఆ ఏడు రెండు రాజ్యాల ఆడజంతువులకూ ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. అడ్డతీగలతో అల్లి, లోపల బూరుగుదూది కూరిన బంతి. ఆట ఈవలి ఒడ్డు మైదానంలో.

ఆ మైదానంలో ఎన్నో ఏళ్ళుగా మగ దుప్పులు కొమ్ముల కుస్తీ పట్టేవి. ఆరు నెలలుగా ఆడజంతువులు అక్కడ బంతి ఆడుతున్నాయి. దుప్పుల పెద్ద కొమ్ములయ్యకు అది మింగుడుపడలేదు. అడవి సభలో ఒక షరతు పెట్టించాడు.

"మీరు గెలిస్తే మైదానం మీదే. ఓడితే మళ్ళీ మాది."

సూదిముక్కు అనే ఆడ ముంగిస లేచి నిలబడింది. "సమానంగా వస్తే, పెదనాన్నా?"

"సమానంగా వచ్చినా మాదే."

"అంటే మూడింట్లో రెండు మీవి. గెలుస్తామన్న ధీమా లేనివాళ్ళే ఇలాంటి షరతులు పెడతారు."

కొమ్ములయ్య వినిపించనట్టు ఆకులు నమిలాడు.

మైదానం పక్కనే ఒక మద్దిచెట్టు. దాని తొర్రలో పలుకులయ్య అనే బల్లి. ఎవరైనా ఒక మాట అనగానే ఆయన 'టిక్ టిక్' అంటే ఆ మాట జరిగి తీరుతుందని అడవంతా నమ్మేది. ఆయన పలకకుండా ఎవరూ ప్రయాణం కూడా కట్టేవారు కాదు.

ఆటకు మూడు రోజుల ముందు కొమ్ములయ్య అందరినీ మద్దిచెట్టు కిందకు పిలిచాడు. తొర్ర ముందు ఏదో పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మన ఆడపిల్లలు ఈ ఆట ఓడిపోతారు."

"టిక్ టిక్," అన్నాడు పలుకులయ్య.

"విన్నారుగా. ఈ మాట నాది కాదమ్మా, బల్లి పలికింది," అన్నాడు కొమ్ములయ్య, చాలా బాధపడుతున్నట్టు.

అందరి మొహాలూ వాడిపోయాయి. గోలు కాసే కొండముచ్చు పొడుగుతోక ఆ సాయంత్రం సాధనకు రాలేదు. సూదిముక్కు వెతుక్కుంటూ వెళ్ళింది.

"ఎటూ ఓడేదానికి బంతి దెబ్బలు తినడం ఎందుకే?" అంది పొడుగుతోక.

"అక్కా, ఒక్కటి చెప్పు. కొమ్ములయ్య పెదనాన్న 'గెలుస్తారు' అని ఎందుకు అడగలేదు?"

"ఏదో ఒకటి అడగాలి కదా."

"ఆ ఏదో ఒకటి ఆయనకు లాభమయ్యేదే ఎందుకయింది?"

"నీకు మీ అమ్మ పాల మీద కూడా అనుమానమే. వెళ్ళి పడుకో."

సూదిముక్కు పడుకోలేదు. తెల్లారగానే మద్దిచెట్టు కిందకు వెళ్ళింది. అక్కడ నేలంతా ఉసిళ్ళ రెక్కలు రాలి ఉన్నాయి. వానపడితే గాని ఉసిళ్ళు పుట్టల్లోంచి పైకి రావు. పది రోజులుగా చుక్క వాన లేదు. మరి ఇవెక్కడివి?

ముంగిసకు పుట్టల సంగతి ఒకరు చెప్పాలా? అడవిలోని పుట్టలన్నీ తిరిగింది. ఏటి మలుపు దగ్గర ఒక పుట్ట పగిలి ఉంది. మట్టి మీద కొమ్ముల గీతలు, చుట్టూ గిట్టల గుర్తులు. లోపల ఇంకా ఉసిళ్ళు కదులుతున్నాయి.

ఈ సంగతి చెబితే జట్టులో ఎవరూ నమ్మలేదు. "రెక్కలు వచ్చి సాక్ష్యం చెబుతాయా?" అని కుందేలు వెక్కిరించింది. సూదిముక్కు వాదించలేదు. ఆట రోజున ఆ పుట్టలోంచి గుప్పెడు ఉసిళ్ళు ఏరి, అడ్డాకులో చుట్టి, చెట్టు వెనక దాచింది.

బల్లి పలుకును కాకులు అప్పటికే ఏరు దాటించాయి. కరక్కాయల జట్టు నవ్వుకుంటూ వచ్చింది. ఎటూ గెలిచేదే కదా అని వాళ్ళు మూడు రోజులుగా బంతి ముట్టలేదు. దారిపొడుగునా మత్తెక్కించే ఇప్పపువ్వు తింటూ వచ్చారు.

ఆట మొదలైంది. కాసేపటికే వాళ్ళ ఎలుగుబంటి నాయకురాలు బంతిని గోలు వైపు తన్నింది. నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి. పొడుగుతోక దాన్ని చూస్తూ నిలబడింది. చెయ్యి కూడా చాపలేదు.

"బల్లి మాట పొల్లుపోతుందా?" అన్నాడు కొమ్ములయ్య, పక్కవాళ్ళకు వినబడేలా.

విరామంలో సూదిముక్కు అందరినీ చెట్టు కిందకు రమ్మంది. తొర్ర ముందు అడ్డాకు విప్పింది. ఉసిళ్ళు చూడగానే పలుకులయ్య కళ్ళు మెరిశాయి.

"అయ్యా, మా కొమ్ములయ్య పెదనాన్న రేపు గుడ్లు పెడతాడు."

"టిక్ టిక్," అన్నాడు పలుకులయ్య, ఒక ఉసిలి రెక్క ఊడగొడుతూ.

అడవిపంది పగలబడి నవ్వింది. దాని వెనక అందరూ నవ్వారు.

"నాలుగు గుడ్లు పెడతాడు," అంది సూదిముక్కు.

"టిక్ టిక్."

"పొదుగుతాడు కూడా."

"టిక్ టిక్."

"ఇక ఆపు," అన్నాడు కొమ్ములయ్య.

"నేను కాదు పెదనాన్నా, బల్లి పలుకుతోంది."

కుందేలు ముందుకు దూకింది. "ఒసే, పనిలో పని, మనం గెలుస్తామని కూడా పలికించవే. ధైర్యంగా ఉంటుంది."

సూదిముక్కు మిగిలిన ఉసిళ్ళను మట్టిలోకి వదిలేసింది. "ఆ ధైర్యం నాకొద్దు. మనం గుప్పెడు పెట్టి గెలుపు పలికిస్తే, రేపు రెండు గుప్పెళ్ళు పెట్టినవాడు మన ఓటమి పలికిస్తాడు. పదండి, ఆట మిగిలే ఉంది."

పొడుగుతోక వెళ్ళి గోలు ముందు నిలబడింది. ఎలుగుబంటి మళ్ళీ తన్నిన బంతిని ఈసారి గాల్లోకి ఎగిరి రెండు చేతులా పట్టుకుంది. ఇంకోసారి వస్తే కాలితో ఆపింది. ఇప్పపువ్వు తిన్న కాళ్ళు అవతల తడబడసాగాయి. కుందేలు ఒక గోలు కొట్టి సమానం చేసింది.

సమానమైతే మైదానం పోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆట ముగిసే వేళకు సూదిముక్కు ఎలుగుబంటి కాళ్ళ సందులోంచి బంతిని దూర్చింది. వెనకాల పరుగెత్తుకొచ్చిన అడవిపంది దాన్ని ఒక్క తన్నుతో గోలులోకి పంపింది.

గుగ్గిలాల అడవికి రెండు. కరక్కాయల అడవికి ఒకటి.

మైదానం ఆడజంతువులదయింది. కొమ్ములయ్య తన వాళ్ళను వెంటబెట్టుకుని రాళ్ళగుట్ట మీదికి కుస్తీకి వెళ్ళాడు. ఎదురుపడిన ప్రతి పిల్లా గుడ్ల గురించి అడిగేది. పలుకులయ్య దగ్గరికి అందరూ రావడం మానేశారు. ఆయన తన పురుగులు తనే పట్టుకోవాల్సి వచ్చింది.

ఏరు దాటబోతూ ఎలుగుబంటి ఆగింది. "ఒక గోలు వెనకబడి ఉన్నా అంత గట్టిగా ఆడారు. మీరు గెలుస్తారని నీకెలా తెలుసు, చెల్లీ?"

"నాకు తెలియదు వదినా," అంది సూదిముక్కు. "అందుకే ఆడాను."

నీతి: జోస్యం నిజమా అని అడిగే ముందు, అది ఎవరికి లాభమో అడగాలి; ఆట ఫలితం ఆడితేనే తేలుతుంది.