రుబ్బుడు సేనాని

తణుకులోని ఒక ఆడపిల్లల హాస్టల్లో సంహిత అనే పాలిటెక్నిక్ విద్యార్థిని ఉండేది. ఆమె దగ్గర ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది గాని, పక్కవాళ్ళకు వంతు ఇచ్చే అలవాటు మాత్రం ఉండేది కాదు.

సాంబారు మీద అభిప్రాయం, వార్డెన్ గారి గొడుగు మీద అభిప్రాయం, ఆఖరికి వానాకాలం రావలసిన తేదీ మీద కూడా ఆమెకో అభిప్రాయం ఉండేది. అన్నిటికంటే గట్టిది కంప్యూటర్ ఆటల మీద ఉండేది.

కంప్యూటర్ ఆమెది కాదు. మూడో సంవత్సరం చదివే నజ్మాది. నజ్మా పాత సామాన్ల కొట్లో ఒక్కో ముక్క ఏరుకొచ్చి తన చేతులతో బిగించుకుంది. ఆన్ చేస్తే పిండిమర చప్పుడు వచ్చేది. అయినా చక్కగా పనిచేసేది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం దాని ముందు నలుగురు చేరేవారు: నజ్మా, సంహిత, సంహిత క్లాసువాళ్ళే అయిన కోటేశ్వరి, ఎస్తేరు.

వాళ్ళు ఆడే ఆట పేరు ‘ఏడు కోటలు’. చదరంగంలా గళ్ళుంటాయి. ఒక వంతు మన సైన్యం కదులుతుంది, ఒక వంతు శత్రుసైన్యం. మన సైనికులకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. అందుకని నలుగురూ తమ పేర్లే పెట్టుకున్నారు. తెర మీద నజ్మా విలుకత్తె. ఎస్తేరు చేతిలో బల్లెం. కోటేశ్వరి గాయాలకు మందు రాసే వైద్యురాలు. కత్తి పట్టిన సేనాని ఎవరో వేరే చెప్పాలా?

ఈ ఆటలో శత్రువును కొట్టినవాళ్ళకే అనుభవం వస్తుంది. అనుభవం నిండితే లెవెల్ పెరుగుతుంది. మొదటి కోట పక్కన ఒక మైదానం, అందులో అడవి పందులు ఉండేవి. ఎన్నిసార్లు చంపినా మళ్ళీ పుట్టుకొచ్చేవి. సంహిత ఆ మైదానం కనిపెట్టింది, ఇక అక్కడే కాపురం పెట్టింది. రోజూ సాయంత్రం క్లాసు అవగానే నజ్మా కుర్చీలో కూర్చుని పందుల్ని నరికేది. తన సేనాని లెవెల్ పది అయింది, ఇరవై అయింది, నలభై దాటింది. మిగతా ముగ్గురు మూడు మూటలతో వెనక నిలబడేవారు. కొన్న సామానంతా వాళ్ళ సంచుల్లో పడేసేది సంహిత.

ఇలా చేసిందే మళ్ళీ మళ్ళీ చేసి లెవెల్ పెంచడాన్ని ఆటగాళ్ళు గ్రైండింగ్ అంటారు. కోటేశ్వరి వాళ్ళమ్మ అత్తిలిలో టిఫిన్ సెంటర్ నడిపేది. అందుకని కోటేశ్వరి దానికి రుబ్బుడు అని పేరు పెట్టింది.

“ఏవే, ఇవాళ కూడా రుబ్బుడేనా?” అంది ఒక ఆదివారం.

“ఈ రకం ఆటల్లో రుబ్బుడే ఆట. వ్యూహం అనేది ఓపిక లేనివాళ్ళు కనిపెట్టిన మాట. లెవెల్ అరవై వస్తే వ్యూహం దానంతటదే వస్తుంది” అంది సంహిత, బల్ల గుద్ది.

“అయితే ఇది ఆట కాదు, డ్యూటీ” అంది ఎస్తేరు. “హాజరు కూడా వేయించుకో.”

నజ్మా నవ్వింది. “నన్నడిగితే, కథ సరిపోక వంద గంటలు నింపడానికి ఈ పందుల్ని వదిలారు. పది పందులు చాలు ఎవరికైనా.”

“అక్కా, నీకు తెలీదు.”

“కంప్యూటర్ నాదే తల్లీ.”

“కంప్యూటర్ నీదే. అభిప్రాయం నాది.”

“పోనీ, ఒక్క పందిని నన్ను కొట్టనీవే” అంది ఎస్తేరు. “మూడు నెలలుగా బల్లెం పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి తిమ్మిరెక్కింది.”

“నువ్వు కొడితే ఆ అనుభవం వృథా అవుతుంది” అంది సంహిత. మౌస్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఆటలో ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే టకటకా బటన్ నొక్కి దాటించేసేది. రాజు మాట్లాడినా అంతే, రాణి ఏడ్చినా అంతే. “కబుర్లకు టైం లేదు” అనేది. మిగతా ముగ్గురికీ కథ ముక్కలు ముక్కలుగా, రైల్లోంచి స్టేషన్ల పేర్లు చదివినట్టు అందేది.

ఇలా ఆరు కోటలు కూలాయి. సేనాని ముందుకు నడిచేది, నరికేది. అంతే ఆట.

ఇంతలో నజ్మాకు విశాఖపట్నంలో అప్రెంటిస్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం మూడింటికి రైలు. కంప్యూటర్ ఆమెతోనే వెళ్ళిపోతుంది.

“ఏడో కోట ముగింపు నలుగురం కలిసి చూడాలి. చూశాకే నేను దాన్ని అట్టపెట్టెలో పెడతాను. నాకదే వీడ్కోలు పార్టీ” అంది నజ్మా.

“ఎంతసేపు అక్కా! నా లెవెల్ అరవై రెండు” అంది సంహిత.

శనివారం మధ్యాహ్నం ఏడో కోట తెరుచుకుంది. ఆ కోట రాజు సేనానిని సంధి మాటలకు లోపలికి పిలిచాడు. సంహిత టకటకా నొక్కేసింది. ‘ఆట భద్రపరచాలా?’ అని తెర అడిగింది. అవునని నొక్కింది. పాతది చెరిపేసి అదే చోట భద్రపరచాలా అని మళ్ళీ అడిగింది. దానికీ అవునని నొక్కింది.

అప్పుడు తలుపు మూసుకుంది. సంధి లేదు, గింధి లేదు. అంతా వల. సేనాని జైల్లో పడింది. బయట కోట ముంగిట్లో ముగ్గురే మిగిలారు, ఆట మొదట్లో ఇచ్చిన లెవెల్లలోనే: లెవెల్ మూడు ఎస్తేరు, లెవెల్ మూడు నజ్మా, లెవెల్ రెండు కోటేశ్వరి. ఎదురుగా పద్దెనిమిది మంది సైనికులు, జైలు తలుపు ముందు ఏనుగంత కాపలా అధికారి. ముగ్గురిలో ఒక్కరు చచ్చినా ఓడినట్టే. ఆ తలుపు తెరిస్తేనే సేనాని బయటికొస్తుంది.

సంహిత ముఖం పాలిపోయింది. “వెనక్కెళ్ళి వీళ్ళతో నాలుగు పందుల్ని కొట్టిస్తాను.”

వెనక్కి దారి లేదు. ముట్టడి మొదలయ్యాక మైదానం మూసేశారు. భద్రపరచినదేమో ఇదొక్కటే.

“ముసలి మంత్రి ముందే చెప్పాడుగా” అంది ఎస్తేరు నెమ్మదిగా.

“ఎప్పుడు?”

“అయిదో కోటలో. ‘సేనానీ, నువ్వు లేని రోజున...’ అన్నాడు. నువ్వు నొక్కేశావు. ఆ తర్వాత పెద్దాయన ఏమన్నాడో ఆయనకే తెలియాలి.”

సంహిత ఆడింది. తనకు తెలిసిన ఆట ఒక్కటే: ముందుకు నడవడం, కొట్టడం. ఎస్తేరును ముందుకు నడిపింది. రెండు దెబ్బలకు ఎస్తేరు పడిపోయింది. మళ్ళీ మొదలు. ఈసారి విలుకత్తెను తీసుకెళ్ళి సైనికుల నడుమ నిలబెట్టింది. ఒక్క దెబ్బ. మూడోసారి వైద్యురాలి చేత కూడా కొట్టించింది.

“ఒసేయ్, నా చేతిలో ఉన్నది మందు సీసానే!” అని అరిచింది కోటేశ్వరి.

రాత్రి భోజనాల గంట కొట్టేలోపల ఆ ముగ్గురూ పదకొండుసార్లు ఓడారు. అరవై రెండో లెవెల్ సేనాని జైలు ఊచల వెనక తళతళలాడుతూ నిలబడే ఉంది.

ఆదివారం పొద్దున హాస్టల్లో ఇడ్లీ. సంహిత తినలేదు. పళ్ళెంలో ఇడ్లీని పొడిచి పొడిచి కూర్చుంది. బల్లకు అటువైపు నజ్మా ఖాళీ అట్టపెట్టె పక్కనే పెట్టుకుని టీ తాగుతోంది. ఆ పెట్టె చూస్తే సంహితకు ఇంకా బాధగా ఉంది.

“నాకు అర్థం కావట్లేదే. మూడు నెలలు కష్టపడ్డాను. రుబ్బడం తప్పా?” అంది.

“రుబ్బడం తప్పని ఎవరన్నారు?” అంది కోటేశ్వరి. తన పళ్ళెంలోని ఇడ్లీ తుంచి చూపించింది. “మా అమ్మ రోజూ రుబ్బుతుంది. కాని మూడు నెలలు మినప్పప్పు ఒక్కటే రుబ్బుతూ కూర్చుంటే ఇడ్లీ అవుతుందా? రవ్వ ఏది? నువ్వు రవ్వను మూట విప్పకుండా మూలన పెట్టావు. పైగా ఆ మూటను మా చేతే మోయించావు.”

ఎస్తేరు చప్పున తలెత్తింది. “మూట!”

“ఏంటే?”

“నా సంచిలో ఏముందో నాకు తెలుసు. మూడు నెలలుగా నేనేగా మోస్తున్నది. నలభై నూనె కుండలు! దివిటీల కోసమని కొని, వాడకుండా నా నెత్తిన పడేశావు.”

“నా దగ్గర పందుల వలలున్నాయి. ఒక్కటీ వాడలేదు, నువ్వు ఒక్క వేటుకే చంపేసేదానివిగా” అంది కోటేశ్వరి.

“నా దగ్గర నిప్పు బాణాలు ఆరు” అంది నజ్మా, టీ గ్లాసు దించి. ఆ పూట మొదటిసారి ఆమె కళ్ళు మెరిశాయి.

నలుగురూ చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తారు. సంహిత అలవాటుగా కుర్చీలో కూర్చుంది. ఎస్తేరు ఆమె భుజం తట్టింది.

“లే.”

“నేను జాగ్రత్తగా ఆడతానే.”

“నువ్వు జైల్లో ఉన్నావు. జైల్లో ఉన్నవాళ్ళు మౌస్ పట్టుకోరు.”

ఇది సంహితకు నిజమైన పరీక్ష. పద్దెనిమిది మంది సైనికులు ఒక ఎత్తు, మౌస్ వదలడం ఒక ఎత్తు. అభిప్రాయాలు చెప్పడానికి నోరు చాలు. చెయ్యి తియ్యడానికి ధైర్యం కావాలి. నజ్మా అట్టపెట్టె వైపు ఒకసారి చూసి, సంహిత లేచింది. వెనక్కెళ్ళి మంచం మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. లేకపోతే అవి వాటంతటవే మౌస్ దగ్గరికి వెళ్ళేలా ఉన్నాయి.

ముగ్గురూ ఎవరి పేరు వాళ్ళే ఆడారు.

కోట ముంగిట్లో ఒక ఇరుకు సందు ఉంది. సైనికులు ఒకరి వెనక ఒకరు అందులోంచే రావాలి. ఎస్తేరు పరుగున వెళ్ళి ఆ సందులో నూనె ఒంపింది. గడి గడికీ ఒక కుండ. వెనక్కొచ్చేలోపల ఒక ఈటె దెబ్బ తగిలింది. ప్రాణం రెండు గీతలే మిగిలింది.

“వెళ్ళవే! కొట్టు!” అని మంచం మీంచి అరిచింది సంహిత.

“ఖైదీ మాట్లాడకూడదు” అంది ఎస్తేరు తెర మీంచి చూపు తిప్పకుండా.

కోటేశ్వరి మందు రాసింది. గీతలు ఆరయ్యాయి. సైనికులు సందులోకి వచ్చారు. మొదటివాడు జారాడు. వాడి మీద రెండోవాడు, వాడి మీద మూడోవాడు పడ్డారు. పద్దెనిమిది మందీ అప్పడాల దొంతరలా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. నజ్మా నిప్పు బాణం వదిలింది.

భగ్గుమంది.

“మంటకు లెవెల్‌తో పనిలేదు తల్లులూ!” అంది నజ్మా.

ఇక కాపలా అధికారి ఒక్కడే మిగిలాడు. వాడు అడుగు వేస్తే తెర ఊగింది. కోటేశ్వరి వల విసిరింది. తప్పింది. రెండోది విసిరింది. వాడు గదను పైకెత్తాడు. ఎస్తేరు వాడి ఎదురుగానే ఉంది. మూడో వల వాడి తల మీంచి కాళ్ళ దాకా కప్పేసింది.

“పందే అనుకుని విసిరాను!” అని కోటేశ్వరి గంతేసింది.

వాడు చిక్కు విప్పుకునేలోపల ఎస్తేరు పక్క గడిలోంచి దూరి, జైలు తలుపు తెరిచింది. సేనాని బయటికొచ్చింది. గదిలో అందరూ సంహిత వైపు తిరిగారు. ఎస్తేరు కుర్చీలోంచి లేచింది.

“రావే, అరవై రెండూ. ఇప్పుడు నీ వంతు.”

సంహిత వచ్చింది. అధికారికి ఒక్క వేటు, సింహాసనం మీది రాజుకు రెండు. ఆ రెండు వేట్ల వెనక మూడు నెలల పందులున్నాయి. అవీ వృథా పోలేదు. ఏడో కోట మీద జెండా ఎగిరింది. పక్క గదుల్లోని ఆడపిల్లలంతా ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

తెర మీద ఆ ముసలి మంత్రి మళ్ళీ వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. సంహిత వేలు బటన్ మీదికి వెళ్ళింది. ఆగింది. ఆయన చెప్పిందంతా నలుగురూ కలిసి, గట్టిగా చదివారు. ఆయన కొంచెం ఎక్కువే మాట్లాడాడు. అయినా చదివారు.

చివర ఒక చిట్టా వచ్చింది. ఎవరు ఎన్ని యుద్ధాలు చేశారో అందులో ఉంది. సంహిత పదమూడు వందల పన్నెండు. నజ్మా ఒకటి. ఎస్తేరు ఒకటి. కోటేశ్వరి ఒకటి.

మొదట అందరూ పగలబడి నవ్వారు. తర్వాత సంహిత నవ్వు ఆగింది. ఆ మూడు ఒకట్లను చూస్తూ ఉండిపోయింది.

“మూడు నెలలు” అంది చిన్న గొంతుతో. “మీ పేర్లు పెట్టి, మీకు ఒక్కొక్క యుద్ధం. అక్కా, అదీ నీ కంప్యూటర్ మీద.”

“ఆ ఒక్కటీ బావుందిలే” అంది నజ్మా, ఆమె జడ లాగి.

రెండున్నరకు నలుగురూ స్టేషన్‌కు బయల్దేరారు. కంప్యూటర్ ఉన్న అట్టపెట్టె సంహిత నెత్తిన ఉంది. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

“బరువుగా లేదా? వంతులు వేసుకుందాం ఇటివ్వవే” అంది ఎస్తేరు.

“ఇదొక్కటి ఇవ్వను. మూడు నెలలు మీరు మోశారుగా” అంది సంహిత. నాలుగడుగులు వేసి, చెమట తుడుచుకోలేక మళ్ళీ అంది: “మూటలు మోయడం మీద నాకిప్పుడు కొత్త అభిప్రాయం ఏర్పడింది.”

“చెప్పకు!” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

నీతి: శక్తి పెంచుకోవడం మంచిదే, కాని జట్టులో అందరికీ వంతు ఇచ్చి పెంచాలి, తోటివాళ్ళను మూటలు మోయడానికే ఉంచుకున్నవాళ్ళు తమకు ఆపద వచ్చిన రోజున తలుపు తెరిచే చెయ్యి కోసం వాళ్ళనే వెతుక్కోవలసి వస్తుంది.