కోళ్ళు కాపురమున్న ఫ్రిజ్

ఈ కథ మీరు వినలేదు కదూ? ఎలా వింటారు, అంత దూరాన పుట్టారు. ఇలా నా దగ్గరికి జరగండి. కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండి. ఇది ఒక ఫ్రిజ్ కథ. నవ్వకండి, ఫ్రిజ్‌కీ కథ ఉంటుంది.

అనగనగా తాటిపర్రు అనే ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలోకి తాయారు అనే అమ్మ, హేమ అనే పాప కొత్తగా కాపురానికొచ్చారు. హేమది మీ ఈడే. పాపం, దానికి చక్కెర జబ్బు. రోజూ సూదిమందు వేయాలి. ఆ మందు చల్లగా ఉండాలి. ఎండకి వేడెక్కిందా, ఇక అది మందే కాదు.

అందుకని వాళ్ళ నాన్న కొత్త ఫ్రిజ్ కొన్నాడు. తాయారు దాన్ని ఎంత ముద్దుగా చూసుకుందో! వంటింటి గూట్లో అటూ ఇటూ వేలు దూరకుండా పట్టించింది. దుమ్ము పడకుండా పైనుంచి వెనకదాకా పూల గుడ్డ కప్పింది.

మొదట మిక్సీ పోయింది. ఆ తర్వాత ఫ్యాను పోయింది. ఆ తర్వాత మండుటెండల్లో, మిట్టమధ్యాహ్నం, ఫ్రిజ్ పోయింది. తాయారు తలుపు తీసి చూస్తే లోపల దీపం వెలుగుతోంది, చల్లదనం లేదు. పాలు విరిగిపోయాయి. మరి హేమ మందు!

నాన్నేమో ఊళ్ళో లేడు. పట్నం నుంచి మెకానిక్కు రేపటికి గానీ రాడు.

తాయారు కేక విని ఇరుగుపొరుగు వచ్చారు.

"కొత్తవి ఇంతేనే తాయారూ! అది రేకా, అట్టా?" అంది రాఘవమ్మ.

"పాతవి చావవమ్మా. వీధి చివర వెంకాయమ్మగారిది చూడు, నా పెళ్ళికి ముందుది. ఇంకా పులిలా గుర్రుమంటోంది" అంది సుబ్బులు.

"అవునవును, పాతవి చావవు" అంది భూషణమ్మ. అందరూ తలలూపి, పొయ్యి మీద కూరలు గుర్తొచ్చి, వెళ్ళిపోయారు.

అప్పుడు తాయారుకి ఒక సంగతి తట్టింది. ఈ వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా ఓ పాత ఫ్రిజ్ కనిపిస్తుంది కదా! వెంటనే మందు సీసాల్ని కవరులో చుట్టి, మట్టి ముంతలో పెట్టి, ముంతకి తడిగుడ్డ కట్టి చంకనెత్తుకుంది. హేమ చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

ముందు పక్కనే ఉన్న రాఘవమ్మ ఇంటికి వెళ్ళింది. గదిలో పాత ఫ్రిజ్ నిలబడి ఉంది. తాయారు గబుక్కున తలుపు తీసింది. గుప్పున కలరా ఉండల వాసన. లోపలన్నీ పట్టుచీరలు!

"ఇదేంటి వదినా?"

"బీరువా కంటే నయం తల్లీ. ఎలక దూరదు."

"మరి చల్లదనమో?"

"అదెక్కడిది? కొన్న రెండో వేసవికే చచ్చింది."

"పాతవి చావవన్నారుగా!"

"నేనన్నది వెంకాయమ్మగారి దాని గురించే!"

తాయారు చంకలో ముంత సర్దుకుంది. ఆ తర్వాత భూషణమ్మ ఇంటికి పరుగెత్తింది. వాళ్ళ ఫ్రిజ్ పెరట్లో వెల్లకిలా పడుకుని ఉంది. తలుపు లేదు. తాయారు ఆత్రంగా వంగి చూసేసరికి కొక్కొక్కొక్కో అంటూ ఓ పెట్ట మొహం మీదికి ఎగిరింది. లోపల గడ్డి, గుడ్లు!

"మెల్లిగా తల్లీ, పొదుగుతోంది" అంది భూషణమ్మ. "అది పోయి ఎన్నేళ్ళో. నేనే తలుపు పీకించేశాను."

మంచి పని చేసింది. తలుపున్న పాడు ఫ్రిజ్‌లో పిల్లలు దూరితే లోపల్నించి తెరుచుకోదు, ఊపిరాడదు. మీరెప్పుడూ దూరకండి. నా మీద ఒట్టు.

ఆ తర్వాత సుబ్బులు ఇల్లు. ఆ ఫ్రిజ్ తళతళా తుడిచి ఉంది. తాయారుకి ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసింది. కిందంతా బియ్యం, పైన ఆవకాయ జాడీలు.

"ఇది కూడానా పిన్నీ!"

"ఎప్పుడో పోయింది. ఇదీ వెంకాయమ్మగారిదీ ఒకే లారీలో వచ్చాయి తెలుసా? ఒకే కంపెనీ, ఒకే రంగు. అక్కాచెల్లెళ్ళనుకో."

తాయారు నడివీధిలో కొయ్యబారిపోయింది. అమ్మో! ఇంటింటా ఒక చచ్చిన ఫ్రిజ్! చీరలు పెట్టినదాన్ని బీరువా అంటున్నారు. కోళ్ళు కాపురమున్నదాన్ని గూడంటున్నారు. బియ్యం పోసినదాన్ని గాదె అంటున్నారు. ఇంకా ఊపిరున్న ఒక్కదాన్నే పాత ఫ్రిజ్ అంటున్నారు. మరి పాతవి చావవని అనిపించదూ?

"అమ్మా, గుడ్డ ఎండిపోయింది. ముంత వెచ్చగా ఉంది" అంది హేమ.

బోరింగు దగ్గర గుడ్డ తడిపి, పాపని ఎత్తుకుని, తాయారు వెంకాయమ్మగారింటికి ఒకటే పరుగు. హాలు నడుమ, నాలుగు పక్కలా గాలి ఆడేలా నిలబడి ఉంది ఆ ఫ్రిజ్. తలుపు తీస్తే మంచులాంటి చల్లదనం మొహాన కొట్టింది. మందు లోపల పెట్టి తాయారు నేల మీద కూలబడింది.

"ఇది ఒక్కసారీ చెడలేదా మామ్మగారూ?"

వెంకాయమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "చెడకపోవడమా! మోటారు మార్పించాను. తలుపు రబ్బరు మార్పించాను. గ్యాసంతా పోతే నింపించాను. కాళ్ళు తుప్పుపట్టి ఊడిపోతే ఇటుకల మీద నిలబెట్టాను. వాళ్ళవి పోతే వాళ్ళు చీరలు సర్దుకున్నారు. నాది పోయినప్పుడల్లా నేను పోట్లాడి బాగుచేయించాను. అంతే తేడా."

"అయితే పాతవి గట్టివి కావంటారా?"

"రేకు మందమే, కాదనను. విప్పి బాగుచేయడమూ తేలికే. ఇప్పుడు కొన్నింటిని విప్పడానికి వీల్లేకుండా అతికించేస్తున్నారు, అదీ నిజమే. ఇంతకీ, నీదెక్కడ పెట్టావు?"

"వంటింటి గూట్లో. గుడ్డ కూడా కప్పాను."

వెంకాయమ్మగారి నవ్వు ఆగిపోయింది. "నడు, చూద్దాం" అంది.

ఇద్దరూ కలిసి ఫ్రిజ్‌ని ముందుకి లాగారు. తాయారు వెనక చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. అట్లపెనంలా కాలుతోంది! పూల గుడ్డ మాడి గోధుమరంగుకి తిరిగింది.

"ఫ్రిజ్ లోపలి వేడిని వెనక నుంచి బయటికి వదులుతుందమ్మా. దానికి చోటేదీ? మా ఆయన గొప్ప కోసం మాదాన్ని హాల్లో పెట్టించాడు. ఆ గొప్పే దాన్ని బతికించింది."

"అయ్యో మామ్మగారూ! ముద్దు చేసి నేనే చంపానా!" అంటూ తాయారు నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

సాయంత్రం హేమకి మందు వేశారు. అన్నం తిన్నాక కాసేపాగి, తాయారు దాని వేలికొన మీద రక్తపుచుక్క తీసి చక్కెర ఎంతుందో చూసింది. మందు పనిచేసింది. మధ్యాహ్నం నుంచీ కన్నీటిచుక్క రానివ్వని తాయారు అప్పుడు బావురుమంది. "సూది నాకు పొడిచారు, నువ్వేడుస్తావేంటి!" అంది హేమ.

మర్నాడు మెకానిక్కు వచ్చి కాలిపోయిన చిన్న ముక్క ఒకటి మార్చాడు. కొత్త ఫ్రిజ్ మళ్ళీ తిరిగింది. ఈసారి తాయారు దాన్ని గోడకి దూరంగా, గుడ్డా గిడ్డా లేకుండా నిలబెట్టింది.

ఈ కథ మీ పిల్లలకీ చెప్పండి నాన్నా. వెంకాయమ్మగారి ఫ్రిజ్ ఒక్కటే చెప్పి ఊరుకోకండి. చీరలదీ, కోళ్ళదీ, బియ్యందీ కూడా చెప్పండి. అప్పుడే అది మొత్తం కథ.

కథేమో బయల్దేరె కంచికి,
మనమేమో చేరాం మంచానికి,
మిగిలిన మాటేమో మీ నోటికి,
మీ నోటి నుంచి ఇంకో చెవికి.