గోదారి వదిలిన శేషం

అనగనగా గోదారి నడుమ ఒక లంక. లంకంటే రావణాసురుడి లంక కాదే అమ్మడూ, కళ్ళు అంత పెద్దవి చెయ్యకు. ఏటి మధ్యలో ఇసకా ఒండ్రూ మేటవేస్తే, దాని మీద మనుషులు ఇళ్ళు కట్టుకున్న ఊరన్నమాట. ఊరంతా జామతోటలే.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. కాయలు కోశాక కుప్పపోసి వాటాలు వేసుకునేవాళ్ళు. అందరికీ సమానంగా పంచాక ఒకటో రెండో మిగులుతాయి కదా, వాటిని ఎవరూ ముట్టుకోరు. "గోదారి తల్లికి" అని దండం పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, తర్వాత దీంతో పని ఉంది.

లంకలో అయిదో తరగతి దాకానే బడి. ఆపైన చదవాలంటే పడవెక్కి గట్టు మీది హైస్కూలుకి రావాల్సిందే. తొమ్మిదో తరగతిలో లంక పిల్లలు సరిగ్గా తొమ్మిది మంది. సత్తియ్య అనే ఆయన పొద్దున్నే వాళ్ళని పడవలో దాటించేవాడు, సాయంత్రం మళ్ళీ తీసుకుపోయేవాడు.

అప్పుడు, కార్తీకమాసంలో, ఆ హైస్కూలుకి కొత్త లెక్కల మాస్టారొచ్చాడు. పేరు తాతాజీ. పేరుకి తాతగానీ వయసు పాతికే. లెక్కలంటే ప్రాణం. తనకి అంత ఇష్టమైనది అందరికీ ఇష్టమే అవుతుందని ఆ పిచ్చి మారాజు నమ్మకం.

వచ్చిన రోజే బోర్డు మీద ఇంత పొడుగు భాగహారం వేశాడు. అంకెలే కాదు, అక్షరాలు కూడా కలిసిన భాగహారం. "చివర మిగిలిందే శేషం. ఈ పాఠమంతా శేషం గురించే" అన్నాడు. గట్టు పిల్లలు రాసుకున్నారు. లంక పిల్లలు మాత్రం బోర్డు వంక చూస్తూ కూర్చున్నారు.

మొదట మాస్టారు అదే పాఠం ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సోమవారం చూస్తే పడవలోంచి ఎనిమిది మందే దిగారు. ఒక పిల్లాడు తోటపనికి పోయాడట.

ఆ తర్వాత చేసిన లెక్కే పదేసిసార్లు రాసుకురమ్మన్నాడు. పాపం, రాసుకొచ్చారు. తప్పుల్నే పదేసిసార్లు రాసుకొచ్చారు. మర్నాడు పడవలో ఏడుగురు.

ఆ తర్వాత మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "లంక నీళ్ళు తాగితే లెక్కలు రావు కాబోలు!" అనేశాడు. అనకూడని మాట. అన్నాక తనే నాలిక కరుచుకున్నాడుగానీ, జారిన మాట మళ్ళీ నోట్లోకి రాదు కదమ్మా. ఇంకో రోజు గడిచేసరికి ఆరుగురు.

ఆవేళ సాయంత్రం సత్తియ్య రేవులో మాస్టారి దగ్గరికొచ్చి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మాస్టారండీ, పడవ తేలికైపోతందండి. తెడ్డెయ్యడానికి సులువుగానే ఉందండిగానీ మనసుకే బరువుగా ఉందండి. సోమారం నుంచి మా వీరవేణి కూడా రాదంటండి" అన్నాడు. వీరవేణి అంటే ఆయన కూతురే. ఆ తొమ్మిది మందిలోనూ పెద్ద చలాకీ పిల్ల.

 వీరవేణి మానేస్తే మిగతా వాళ్ళూ మానేస్తారు, పడవ ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీ తనవల్లేనని మాస్టారికి తెలుసు.

మర్నాడు బోర్డు జోలికి పోలేదు. వీరవేణిని దగ్గరికి పిలిచి మెల్లిగా అడిగాడు. "అమ్మా, పదిహేడు జామకాయలున్నాయి. అయిదుగురికి పంచితే తలకి ఎన్ని?"

"మూడండీ" అంది, తడుముకోకుండా.

"మరి శేషం?"

"ఏం లేదండి."

"అదేంటమ్మా! మూడయిదులు పదిహేను. ఇంకో రెండుండాలిగా?"

"అయ్యి గోదారి తల్లికిచ్చేశాం కదండీ!" అంది వీరవేణి, ఈ మాత్రం తెలీదా ఈయనకి అన్నట్టు చూస్తూ.

మాస్టారికి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మిగతా అయిదుగుర్నీ అడిగాడు. అందరూ అదే మాట. అప్పుడు తలా ఒక కాగితమిచ్చి చిన్న భాగహారం వెయ్యమన్నాడు, మూడో తరగతి పిల్లలు వేసేది. ఎక్కాలు గడగడా చెప్పగలిగిన ఆ పిల్లలు, కూడికలూ తీసివేతలూ నోటితోనే చేసే ఆ పిల్లలు, ఆరుగురూ ఒక్కచోటే ఆగిపోయారు. భాగహారం గుర్తు గీసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీక పెన్సిళ్ళు కొరుక్కుంటూ ఉండిపోయారు.

ఒకళ్ళకి రాకపోతే ఒకళ్ళ సంగతి అనుకోవచ్చు. ఆరుగురికీ అదే రాకపోవడం ఏమిటి? మాస్టారికి ఆ ఆలోచనతో అన్నం సయించలేదు.

ఆదివారం మాస్టారు సత్తియ్య పడవెక్కి లంకలో ఉన్న చిన్న బడికి వెళ్ళాడు. లోపల గోడ మీద, తన ఛాతీ ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరిదాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒక మట్టి చార ఉంది.

"ఏంటిది సత్తియ్యగారూ?"

"వరద గుర్తండి. ఏడాదికోసారి తల్లి బళ్ళోకొచ్చి పోద్దండి. శ్రావణ భాద్రపదాలు బడుండదండి. బురద కడుక్కుని మళ్ళీ తెరిచేతలికి దసరా వచ్చేస్తదండి."

మాస్టారు వరదకి అందకుండా అటకెక్కించిన పాత హాజరు పట్టీలు తీశాడు. మూడో తరగతి, నాలుగు, అయిదు. ప్రతి ఏడూ ఆ రెండు నెలలూ ఖాళీ. అప్పుడు పాఠ్యపుస్తకాలు తీసి, ఏ నెలలో ఏ పాఠమో చూశాడు. మూడో తరగతిలో శ్రావణమాసానికి వచ్చే పాఠం భాగహారం. నాలుగో తరగతిలోనూ అదే. అయిదులోనూ అదే!

 మొద్దుపిల్లలు కాదు, బద్ధకపు పిల్లలు అంతకన్నా కాదు. ఏటా గోదారి వచ్చి, పుస్తకంలో సరిగ్గా ఆ ఒక్క పాఠాన్నే ఏరుకుని పట్టుకుపోతోంది. గోడ మీద ఉన్న చారే ఆ పిల్లల చదువు లోపల కూడా ఉంది, అందరికీ ఒకే ఎత్తున. గోదారి తల్లే తన ముందు ప్రత్యక్షమైనట్టు, అతను ఆ చార మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాడు. నేనెంత మాట అన్నాను ఈ పిల్లల్ని అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

సరే, జబ్బు తెలిసింది. మరి మందో? నూనూగు మీసాలొచ్చిన మగపిల్లలు, ఓణీలేసుకున్న ఆడపిల్లలు. వాళ్ళ చేతిలో మూడో తరగతి పుస్తకం పెడితే సిగ్గుతో చచ్చిపోరూ? గట్టు పిల్లలు నవ్వరూ?

అందుకని మాస్టారు ఆ సాయంత్రమే లంక రేవులో పిల్లల్ని పోగేసి ఒక అబద్ధం ఆడాడు. మంచికే ఆడాడులే, నువ్వు నేర్చుకోకు. "లంకలో మూడో తరగతి బుడతలకి ఆదివారాలు భాగహారం చెప్పాలర్రా. నాకేమో పడవంటే కళ్ళు తిరుగుతాయి. మీరు నా బదులు చెప్పిపెట్టాలి. ఎలా చెప్పాలో శనివారం సాయంత్రం నేను చూపిస్తా" అన్నాడు.

వీరవేణి తండ్రి వంక చూసింది. పొద్దున్నే కదా మాస్టారు పడవెక్కి వచ్చింది! సత్తియ్య పైకి చూసి మబ్బులు లెక్కపెట్టాడు. ఆ పిల్లకి అంతా అర్థమైంది. అర్థమైనా పైకి అనకుండా, "ఆయ్, చెప్తామండీ" అంది. సోమవారం నుంచి రాదన్న పిల్ల, సోమవారం అందరికంటే ముందు పడవెక్కింది.

నేర్చుకోండర్రా అంటే రాని పాఠం, నేర్పండర్రా అంటే వచ్చేసింది. బుడతలు ఊరుకుంటారా? "అక్కా, ఎందుకలాగ? అన్నా, ఇదెక్కణ్ణించొచ్చింది?" అని ప్రాణాలు తీసేవాళ్ళు. జవాబు చెప్పడానికైనా పెద్దాళ్ళకి తెలిసుండాలి కదా. మొదటి ఆదివారం జామకాయలు కుప్పలేసి పంచారు. రెండో ఆదివారం కాయలు లేకుండా గింజలతో పంచారు. మూడో ఆదివారానికి పలక మీద అంకెలతోనే పంచేశారు. బడి మానేసిన ముగ్గురూ లంకలోనే ఉన్నారుగా, వాళ్ళూ వచ్చి బడి అరుగు చివర కూర్చోవడం మొదలెట్టారు.

మరి గోదారి తల్లి వాటా సంగతో? ఆచారం మానమని మాస్టారు చెప్పలేదు. "ఇవ్వండమ్మా. కానీ ఇచ్చేముందు ఎంత ఇస్తున్నారో పక్కన రాయండి. తీసుకునే తల్లికి కూడా తెలియాలిగా" అన్నాడు. అంతే! అప్పట్నించి శేషం ఎక్కడికీ పోలేదు.

ఆ తర్వాత ఒకరోజు క్లాసులో మాస్టారు గొంతు తగ్గించి, గుళ్ళో తీర్థం ఇచ్చేవాడిలా చెప్పాడు. "అసలు భాగించకుండానే శేషం తెలుసుకోవచ్చు. వీరవేణీ, ఏదైనా పెద్ద సంఖ్య చెప్పు."

"నూట ఇరవయ్యయిదండీ."

"ఒకటీ రెండూ అయిదూ కలుపు."

"ఎనిమిదండీ."

"తొమ్మిదితో భాగిస్తే శేషం ఎనిమిదే. కావాలంటే చూసుకో."

చూసుకుంది. తొమ్మిది పదమూళ్ళు నూట పదిహేడు, మిగిలింది ఎనిమిది! ఇంకో సంఖ్య వేసుకుంది, అదీ వచ్చింది. అంకెల్ని కలుపుతూ కలుపుతూ తొమ్మిదిలోపు ఒక్క అంకెకి తెచ్చుకుంటే చాలు. వెయ్యి దాటినా వచ్చింది, లక్ష దాటినా వచ్చింది. కలపగా తొమ్మిదే వస్తే శేషం ఏమీ లేనట్టు. తొమ్మిది మందికి పంచకముందే, కుప్ప ముట్టుకోకముందే, గోదారి తల్లికి ఎన్నో తెలిసిపోతోంది! వీరవేణి పెన్సిల్ కింద పెట్టేసింది. "ఎవరు పెట్టారండీ ఇలాగ?" అంది. మాస్టారు "నాకూ తెలీదమ్మా. ఎప్పట్నించో ఇలాగే ఉంది" అన్నాడు. ఇద్దరూ కిటికీలోంచి కనిపించే గోదారి వంక చూశారు.

అప్పుడు బోర్డు మీద పొడుగు భాగహారాలు వేస్తే లంక పిల్లలు జంకలేదు. ఆ వారమే పడవలోంచి ఏడుగురు దిగారు, తర్వాత ఎనిమిది మంది. సంక్రాంతి సెలవులకి ముందే తొమ్మిది మందీ దిగారు. మాస్టారు రేవులో నిలబడి ఒక్కొక్కళ్ళనీ వేలితో చూపించి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టాడు.

కథ అయిపోయిందనుకున్నావా? కళ్ళు మూసుకునే విను.

మళ్ళీ శ్రావణమాసం వచ్చింది. మళ్ళీ వరదొచ్చింది. ఈసారి ఎప్పుడూ రానంత వచ్చింది. మనుషుల్నందర్నీ పడవల్లో గట్టుకి చేర్చారు, ఎవరికీ ఏమీ కాలేదులే. లంకలో బడి మాత్రం కూలిపోయింది. గోడా లేదు, గోడ మీద చారా లేదు.

మాస్టారు వానలో తడుస్తూ, లంకవాళ్ళు తలదాచుకున్న చోటికి గట్టు మీద పరుగెత్తాడు. ఇది మళ్ళీ అదే నెల, అదే పాఠం. ఈ ఏటి బుడతల భాగహారం కూడా పోయినట్టే అనుకుంటూ వెళ్ళాడు.

టార్పాలిన్ కింద పదిమంది మూడో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో గులకరాళ్ళ కుప్ప. తడిసిన జడని ముడేసుకుని వీరవేణి పాఠం చెబుతోంది. పక్కనే మిగతా ఎనిమిది మందీ ఒక్కొక్క పిల్ల చేత రాళ్ళు పంచిస్తున్నారు.

ఒక బుడంకాయ లేచి నిలబడింది. "పదమూడు నలుగురికి పంచితే తలా మూడు. శేషం ఒకటి!" అని కేకేసి, మిగిలిన ఆ రాయిని గోదారిలో వెయ్యడానికి చెయ్యెత్తింది. తర్వాత ఏమనుకుందో ఏమో, వెయ్యకుండా గుప్పిట్లో దాచుకుంది.

సత్తియ్య తలగుడ్డ పిండుకుంటూ అన్నాడు. "ఇన్నేళ్ళూ మిగిలింది మేం గోదారి తల్లికి ఇచ్చామండి మాస్టారూ. ఈయేడు తల్లి అంతా పట్టుకుపోయి, మిగిలింది మాకొదిలేసిందండి."

మాస్టారు రెండు చేతులూ జోడించాడు. పిల్లలకి పెట్టాడో, గోదారికి పెట్టాడో, అది మాత్రం నాకు తెలీదే అమ్మడూ.

పంచగా పంచగా మిగిలిందే శేషం,
పాఠమది మిగిలితే పడవంతా సంతోషం.
కథేమో తెడ్డేసుకుని కంచి రేవుకి,
మనమేమో దుప్పటేసుకుని నిద్ర తావుకి.