కుండ చల్లార్చడానికి దిగివచ్చిన పొగమంచు

ఒకప్పుడు పొగమంచు కొండ దిగేది కాదు. కొండ కొమ్మున ఓ రాతి గుంటలో, పొయ్యి పక్కన పిల్లి ముడుచుకున్నట్టు ముడుచుకుని, ఎప్పుడూ కలలు కంటూ పడుకునేది. అందుకని కింద లోయలో తెల్లవారితే చాలు, అన్నీ కడిగిపెట్టిన కంచాల్లా కనిపించేవి. చెట్టు చెట్టులాగే, గుడిసె గుడిసెలాగే. ఏదీ సగం దాక్కునేది కాదు.

ఆ లోయలో బుద్రి అని ఓ పెద్దావిడ ఉండేది. చోళ్ళ కల్లు కాచడంలో ఆమెది పెట్టింది పేరు. చోళ్ళంటే రాగులే. వాటిని నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, కుండెడు నీళ్ళలో పోసి మరగకాచేది. అప్పటికింకా అది కల్లు కాదు, ఉత్త తీపి గంజి. కల్లు కావాలంటే అందులోకి పులుపు పిల్లలు దిగాలి.

పులుపు పిల్లలంటే ఎవరనుకున్నారు? నేరేడు పండు మీద బూడిద చల్లినట్టు తెల్లగా ఉంటుందే, వేలితో రాస్తే పోతుందే, అందులో ఉంటారు వాళ్ళు. కంటికి ఆనరు గానీ మహా తిండిపోతులు. తీపి కనిపిస్తే దూకేయడమే. తింటూ కబుర్లు చెప్పుకుంటారు. ఆ కబుర్లకే నురగ వస్తుంది. నురగ వచ్చాక ఇంకేం, అది కల్లే.

చిక్కల్లా ఒక్కటే. పొయ్యి మీంచి దించీ దించగానే వేస్తే పిల్లలు ఉడికిపోతారు. పోనీ, చల్లారేదాకా ఆగుదామా అంటే, అంత పెద్ద కుండ చల్లారేలోపు కుళ్ళు దొంగలు వచ్చి పడతారు. వాళ్ళూ కంటికి ఆనరు, వాళ్ళకీ తీపంటే ప్రాణం. కానీ వాళ్ళు దిగిన గంజి ముక్కు మూసుకుని పారబోయాల్సిందే. అందుకని ఆ రోజుల్లో అందరూ వేడి వేడి గంజిలోనే గంపెడు నేరేడు పళ్ళు దులిపేసేవారు. పులుపు పిల్లల్లో చాలామంది పోయేవారు. ఏ అంచునో పడ్డ కొద్దిమంది బతికి, కల్లు చేసిపెట్టేవారు.

ఆ ఏడు వానల్లేవు. బుద్రి అడవంతా తిరిగితే ఒకే ఒక్క నేరేడు గుత్తి దొరికింది.

అసలు కల్లు అవసరం పడ్డదీ ఆ ఏడే. ఆమె కొడుకులు గాసి, డొంబురు, ఓ పనస చెట్టు ఎవరిదన్న దాని మీద పోట్లాడుకుని మాటలు మానేశారు. ఉండేది ఒకే గుడిసె. మాట్లాడేది మాత్రం కుక్కతో.

“కుక్కా, గొడ్డలి ఎక్కడ పెట్టాడో ఆయనగారిని అడుగు,” అనేవాడు గాసి.

“కుక్కా, కళ్ళుంటే మూలకి చూసుకోమను,” అనేవాడు డొంబురు.

కుక్క పాపం ఇటూ అటూ చూసి, లేచి వాకిట్లోకి పోయి పడుకునేది.

విత్తనాల పండుగ నాడు, పోట్లాడుకున్నవాళ్ళు ఒకే సొరకాయ బుర్రలో కల్లు తాగి మాట కలపాలని ఆ ఊరి పద్ధతి. ఆ రోజూ కలవకపోతే ఇంటి మధ్య తడక కట్టుకుని వేరైపోవాలి. డొంబురు అప్పుడే తడక అల్లేసి గోడకి ఆనించాడు. పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా బుద్రి దాని వంక చూడకుండా, చీకటితోనే లేచి గంజి కాచింది.

కుండ దించి, గుత్తి చేతిలోకి తీసుకుంది. పండు మీంచి సన్నని గొంతు ఒకటి వినిపించింది. ఆవిడ పులుపవ్వ, పులుపు పిల్లలందరికీ అవ్వ.

“ఏమే బుద్రీ, ఈసారీ ఉడకేస్తావా మమ్మల్ని?”

“ఏం చెయ్యనవ్వా? ఆగితే కుళ్ళు దొంగలొస్తారు.”

“మాకు వేడి వద్దని కాదే. వెచ్చన ముద్దే, మంట వద్దు. నీ చిటికెన వేలు హాయిగా ఓర్చుకునేంత ఉంటే చాలు. ఈ గుత్తి మీద ఉన్నవాళ్ళు పోతే ఈ లోయలో ఇంకెవరూ లేరు. తరవాత నీ ఇష్టం.”

బుద్రి గుత్తిని పక్కన పెట్టింది. చేటతో విసిరింది. చెయ్యి నొప్పెట్టింది గానీ కుండ దాని పొగ అది కక్కుతూనే ఉంది. అప్పుడే గడప దగ్గర ముక్కులెగబీలుస్తూ కుళ్ళు దొంగలు గుమిగూడారు. ఏం తోచక ఆమె కొండ వైపు చూసింది. ఆ రోజుల్లో గట్టిగా పిలిస్తే కొండకి వినపడేది.

“పొగమంచూ, ఓ పొగమంచూ, ఒక్కసారి దిగి రావూ?”

కొమ్మున ఏదో తెల్లగా కదిలింది. “నేను రానమ్మా. వేడి తగిలితే నేనుండను. ఇంతకీ ఏముంది ఆ కుండలో?”

“నా కొడుకుల మాటలున్నాయే తల్లీ,” అంది బుద్రి.

పొగమంచు కొమ్ము అంచుదాకా జరిగి కిందికి తొంగి చూసింది. తరవాత మెల్లగా అడిగింది. “పొద్దున్నే పొలంలో ఒకడు పాట ఎత్తుకుంటే రెండోవాడు అందుకునేవాడే, వాళ్ళేనా?”

“వాళ్ళే.”

“ఆ పాట వింటూనే నేను కలలు కనేదాన్ని. ఈ మధ్య కలలు రావడం లేదు. ఎందుకా అనుకుంటున్నాను.”

అంటూనే దిగడం మొదలుపెట్టింది. జారుతూ, చెట్ల మధ్య దారి తడుముకుంటూ వచ్చింది. దాని కింద చెట్లు సగం మాయమయ్యాయి. గుడిసెలు నీళ్ళలో తేలుతున్నట్టు కనిపించాయి. గడపలో కుళ్ళు దొంగలకి దారి కనపడక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని వెనక్కి పోయారు. పొగమంచు లోపలికొచ్చి, కుండని రెండు చేతులా కౌగిలించుకుంది.

కుండ బుసకొట్టింది. పొగమంచు పలచబడింది. ఇంకా పలచబడింది. కుండ చుట్టూ చెమట పట్టినట్టు చుక్కలు కారాయి.

బుద్రి చిటికెన వేలు ముంచింది. హాయిగా ఉంది. గబగబా గుత్తి దులిపింది. పులుపు పిల్లలు ఒక్కరూ చెడకుండా చేరారు. కొంతసేపటికి కుండలో గుసగుసలు, తరవాత నవ్వులు, తరవాత నురగ.

కానీ పొగమంచు ఏది? నేల మీద తడి మిగిలింది, అంతే. ఆ తడి సన్నగా పారి వాకిలి దాటి వాగులో కలిసింది. బుద్రి గడపలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

పండుగ నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే బుర్రలో తాగారు. కుక్క ఇద్దరి మధ్యా కూర్చుంది, కబురు మొయ్యాలేమోనని.

డొంబురు మూతి తుడుచుకున్నాడు. “అన్నా, పనసకాయలు నువ్వే కొయ్యి. నాకు చెట్టెక్కడం రాదు.”

“ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేదిరా?” అన్నాడు గాసి.

కుక్క ఇద్దరి మొహాలూ చూసి, ఇంక తన పని అయిపోయిందని హాయిగా నిద్రపోయింది. తడకని మర్నాడు కోళ్ళ గూటికి కట్టేశారు.

ఆ మర్నాడే, ఇంకా తెల్లవారకముందు, అన్నదమ్ములు పొలంలో పాట ఎత్తుకున్నారు. వాగు మీంచి ఏదో తెల్లగా లేచింది. పలచగా, నిద్రకళ్ళతో, ఇంటింటి కప్పూ తడుముకుంటూ వచ్చి, పొలం గట్టున తల వాల్చి వింది. ఎండ ఎక్కేదాకా కదల్లేదు.

అప్పటినుంచే చలికాలం తెల్లవారుజామున పొగమంచు లోయలోకి దిగి, ఎక్కడైనా వేడి కుండ ఉందేమోనని గడపగడపా తడుముతుంది. అప్పటినుంచే చల్లారిన కుండలోనే పులుపు పిల్లలు గుసగుసలాడతారు. ఎండ రాగానే పొగమంచు వెళ్ళిపోతుంది గానీ, విన్న పాట తాలూకు చెమ్మ మాత్రం ఆకుల మీద ఈనాటికీ చుక్కలు చుక్కలుగా వదిలిపెట్టి పోతుంది.