తాళ్ళ కార్ఖానా నక్క రాసిచ్చిన అర్జీ

ఏరు సముద్రంలో కలిసే చోట, మడ అడవి ఒడ్డున, పరంధామయ్య అనే నక్కకి ఒక తాళ్ళ కార్ఖానా ఉండేది. కొబ్బరి పీచు దువ్వడం ఉడతల పని. వాటికి తోకే దువ్వెన. పురి పెట్టే చక్రం తిప్పడం గవర్రాజు అనే ఎద్దు పని. పక్కన నిలబడి కేకలెయ్యడం నక్క పని. అందులో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు.

ఆ వేసవి మొదట్లో పరాయి దేశపు ఓడలు నైలాన్ తాళ్ళు దించాయి. నున్నగా, నీలంగా, సగం ధరకి. నెల తిరక్కుండా చక్రం ఆగిపోయింది. "రేపట్నుంచి రావద్దు" అన్నాడు పరంధామయ్య. అంతే. ముప్పై ఉడతలూ ఒక ఎద్దూ వీధిన పడ్డాయి.

ఉడతల్లో సూరమ్మకి పనున్నప్పుడే కాలు నిలవదు, పని పోయాక ఇంకేం నిలుస్తుంది? చెట్టెక్కేది, దిగేది, మళ్ళీ ఎక్కేది. లేని పీచుని గాల్లో దువ్వేది. తొర్రలో నలుగురు పిల్లలు, ఆకాశంలో అప్పుడే మబ్బులు.

ఇంతలో సింహం కచేరీ నుంచి చాటింపు వచ్చింది. పరాయి సరుకు వల్ల పని పోయినవాళ్ళకి వానాకాలమంతా గింజలిస్తారట, కొత్త పని కూడా నేర్పిస్తారట. కార్ఖానా అందుకే మూతపడిందని యజమాని రాసివ్వాలట. పున్నమి దాటితే అర్జీలు తీసుకోరట.

పున్నమికి రెండు రోజులుందనగా సూరమ్మ నక్క గుమ్మం ఎక్కింది.

"అయ్యగారూ, ఒక్క ముక్క రాసివ్వండి."

"ఏమని?"

"కార్ఖానా మూతపడిందని."

"ఎవరే అన్నది? నా కార్ఖానా నిక్షేపంలా నడుస్తోంది. మీరే ఒళ్ళు బరువెక్కి మానేశారు."

"చక్రానికి సాలెగూడు పట్టింది కదండీ!"

"పట్టనీ. దిష్టి తగలకుండా ఉంటుంది."

ఆయన వెనక, పీచురంగు సగం పూసిన నీలం తాళ్ళ చుట్టలు కనిపించాయి. ఒక్కో చుట్టకీ ఒక చీటీ. పల్లీల పొట్లాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చిన సూరమ్మ ఆ చీటీ కూడా చదివేసింది: 'పరంధామయ్య వారి అసలు పీచు తాళ్ళు.'

ఓహో, ఇదా సంగతి! పరాయి తాళ్ళకి తన పేరు తగిలించి అమ్ముకుంటున్నాడు. మూతపడిందని రాస్తే ఆ బేరం గల్లంతు.

బయట గవర్రాజు నెమరేస్తూ నిలబడ్డాడు. "వదిలెయ్ సూరమ్మా. పెద్దాళ్ళతో మనకెందుకు? గడ్డి ఎక్కడైనా దొరుకుతుంది."

"నీకు దొరుకుతుంది మావా, నా పిల్లలు గడ్డి తినరు. నీ ఓర్పుని మేసి ఆయన అంత బలిశాడు."

మర్నాడు జాంబయ్య అనే ఎలుగుబంటి అధికారి జీడిమామిడి చెట్టు కింద బల్ల వేయించుకుని కూర్చున్నాడు. పనిపోయిన జీవాలన్నీ చేరాయి. వలలకి తాళ్ళు కొనే నీటిపిల్లులూ తమాషా చూడ్డానికొచ్చాయి. ఎవరేమంటారో విందామని పరంధామయ్య కూడా వచ్చాడు.

సూరమ్మ గొంతు పెంచింది. "దొరా! పని పోయిన మాకే వానాకాలమంతా గింజలంటే, కార్ఖానా మొత్తం పోగొట్టుకున్న యజమానికి ఇంకెంత ఉండాలి?"

జాంబయ్య నోట్లో తేనెపట్టుంది. "ముందు రాసివ్వమను. రాయకుండా ఎవరికీ ఏమీ లేదు."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఆయన రాయడులే మావా," అంది సూరమ్మ ఎద్దుతో, అందరికీ వినబడేలా. "మన అయ్యగారికి అరవడమే వచ్చు, రాయడం ఎక్కడొచ్చు?"

"నాకు రాదుటే?" పరంధామయ్య ఎగిరిపడ్డాడు. కాగితం లాక్కున్నాడు. కచేరీలో పడ్డ కాగితాన్ని చెదపురుగులు తప్ప ఎవరు ముట్టుకుంటారన్నది ఆయన ధైర్యం. గబగబా గీకాడు, కింద పంజా ముద్ర గుద్దాడు. ఆయన అనుకున్నట్టే జాంబయ్య దాన్ని చూడకుండా కట్టల కిందకి తోశాడు.

తోశాడో లేదో, సూరమ్మ బల్లమీదికి దూకి దాన్ని లాగింది. "దొరగారి నోట్లో తేనె ఉంది, నేను చదువుతా! 'పరాయి తాళ్ళ దెబ్బకి నా కార్ఖానా చైత్రంలోనే మూతపడింది. ముప్పై ఉడతలూ ఒక ఎద్దూ పని పోగొట్టుకున్నారు. యజమానినైన నన్ను ఆదుకోవలెను.'"

గుంపు గొల్లుమంది. ఒక నీటిపిల్లి ముందుకొచ్చింది. "చైత్రంలో మూతపడితే, నిన్న మాకమ్మిన అసలు పీచు తాళ్ళు ఎక్కడివయ్యా?"

జాంబయ్య తేనె మింగి, కాగితమ్మీద ముద్ర కొట్టాడు. "పనివాళ్ళకి రుజువు సరిపోయింది."

"మరి నాకు?" అన్నాడు నక్క.

"యజమానులకని చాటింపులో ఎక్కడుంది?"

"రాస్తే ఉందని ఇందాక మీరే అన్నారు!"

"రాయకుండా ఎవరికీ లేదన్నాను. రాస్తే అందరికీ ఉందన్నానా?"

నీటిపిల్లులు తమ తాళ్ళ సంగతి తేల్చుకోడానికి నక్కని చుట్టుముట్టాయి.

జాంబయ్య సూరమ్మకి గింజల చీటీ ఇచ్చి, కొత్త పనుల పట్టీ తీశాడు. "కొత్త పని ఏం నేర్చుకుంటావు? ఉడతలకి ఈత ఉంది. ఎద్దులకి చెట్టెక్కడం ఉంది."

"ఈ పట్టీ రాసినవాడికి ముందు మా పని నేర్పించండి దొరా," అని, గింజల చీటీ నోట కరుచుకుని, ఇంకో మాటకి నిలబడకుండా పిల్లల దగ్గరికి పరిగెత్తింది సూరమ్మ.

నీతి: ఎవరూ చదవరన్న ధీమాతో ముద్ర వేయకండి, ఆకలిగా ఉన్నవాళ్ళు ప్రతి అక్షరమూ చదువుతారు.